దించు అనని మనిషి

చెంపకి చెక్క తగులుతుంది.

పాత టేకు అయితే ఒక వాసన. కొత్త ప్లైవుడ్ అయితే ఇంకో వాసన. ఇనుప బీరువాకి వాసన ఉండదు, చల్లగా ఉంటుంది. కళ్ళ ముందు ఇంకేమీ కనపడదు. మెట్లు కనపడవు. గోడ కనపడదు. నా కాళ్ళు నాకే కనపడవు. భుజం మీదుగా నవారు పట్టీ. పట్టీకి ఆ చివర బరువు. బరువుకి అవతల ఒక గొంతు.

"మెట్టు" అంటుంది ఆ గొంతు.

కాలు లేపుతాను.

"మెట్టు..."

మళ్ళీ లేపుతాను.

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం మా పని. లిఫ్టులో పట్టనివి, లిఫ్టు లేని ఇళ్ళవి. పెద్ద సామాను మెట్ల మీదుగా ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. పై మనిషి, కింది మనిషి. పై మనిషి వెనక్కి అడుగులేస్తూ ఎక్కుతాడు, దారి చూస్తాడు, మెట్టు వచ్చినప్పుడల్లా చెప్తాడు. కింది మనిషి ఏమీ చూడడు. మోస్తాడు. ఎక్కే కొద్దీ బరువంతా వాడి మీదికే జారుతుంది.

చేతకాకపోతే ఒక మాట ఉంది. దించు.

ఇద్దరిలో ఎవరన్నా సరే, రెండోవాడు మారుమాట్లాడకుండా దించాలి. ఎందుకని అడగకూడదు. మా పనిలో ఉన్న చట్టం అదొక్కటే.

నేను కింది మనిషిని. మొదట్నుంచీ.

ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు.

అందుకే నన్ను దూలం అంటారు. ఓనరు పెట్టిన పేరు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నన్ను దూరం నుంచి చూపించి, "ఆయన నోట దించు అన్న మాట నేనింతవరకూ వినలేదు" అంటాడు. నేను విననట్టు తాళ్ళు చుట్టుకుంటూ ఉంటాను. వింటాను. ప్రతిసారీ వింటాను. తాడు ఇంకో రెండు చుట్లు ఎక్కువ చుడతాను.

పై నుంచి వచ్చే గొంతు నా బావమరిదిది. మా ఆవిడకి తమ్ముడు. గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాల్సినంత సన్నగా ఉంటాడు కాబట్టి వాడి పేరు పుల్ల. దూలం, పుల్ల... మేమిద్దరం కలిసి వ్యాను దిగుతుంటే నవ్వనివాళ్ళు లేరు.

నాకు వాడంటే అసూయ.

ముందే చెప్పేస్తే సగం బరువు తగ్గుతుందంటారు. తగ్గలేదు.

వాడు ప్రార్థన చేస్తాడు. నేనూ చేస్తాను. వాడికంటే ఎక్కువ చేస్తాను. తెల్లారకముందే లేచి మోకాళ్ళ మీద ఉంటాను. మందిరం తలుపులు తీసేది నేను. కుర్చీలు వేసేది నేను. అందరూ వెళ్ళాక మళ్ళీ ఎత్తిపెట్టేదీ నేనే. శుక్రవారం ఉపవాసం ఉండేది నేను. వాడు ఆ రోజు మా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, అక్కని అడిగి రెండోసారి కూర వేయించుకుంటాడు.

"బావా, వాసన నీ దాకా వస్తోందా? అటు తిరగనా?"

అటు తిరిగి తింటాడు. తిని, చెయ్యి కడుక్కుని, "ప్రభువుకి స్తోత్రం" అంటాడు. నా ఖాళీ కడుపు కంటే వాడి నిండు కడుపే పైదాకా వినపడుతుందేమో.

ఎందుకంటే దేవుడి చూపు వాడి మీదే.

మేం పరుపులు ఎక్కించే వేళకే వాన మొదలవుతుంది. వాడు వ్యాను వెనక నిలబడి ఒకసారి పైకి చూస్తాడు. అంతే. వాన ఆగుతుంది. ఆగిందని వాడు గమనించను కూడా గమనించడు. నేను గమనిస్తాను. వాడికి జరిగిన ప్రతి మేలూ నాకే కనపడుతుంది. వాడి తరఫున స్తోత్రాలు కూడా నేనే చెప్పాలి కాబోలు.

ఎవరినీ గడప తొక్కనివ్వని కుక్క వాడి చెయ్యి నాకుతుంది. ప్రతి పెట్టె పక్కనా కాపలా నిలబడే ఇల్లాలు వాడికి స్టూలు తెచ్చి వేస్తుంది. "కూర్చో నాయనా, అలిసిపోయావు" అంటుంది. మంచినీళ్ళు ఇస్తుంది. నాకు ఎవరూ ఇవ్వరు. బలమైనవాడికి కుర్చీ ఎవరు వేస్తారు? నన్ను చూస్తే ఎవరికైనా లోపల మిగిలిపోయిన ఇంకో బీరువా గుర్తొస్తుంది.

ఒక ఆదివారం పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని వాడిని పిలిచారు. నన్ను పిలుస్తారేమోనని నేను ఎన్నో నెలలుగా సిద్ధపడి ఉన్నాను. ఏ మాట తర్వాత ఏ మాటో కూడా అనుకుని పెట్టుకున్నాను. వాడు లేచి, చొక్కా సర్దుకుని, "నాకు బలం లేదండి. ఇస్తే మోస్తున్నా. ఇవ్వనప్పుడు దించుతున్నా" అని కూర్చున్నాడు.

జనం కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళు ఉంటే చాలు, మనుషులు నన్ను దాటుకుని వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నారు. మా అమ్మ కోసం ఒక్క మాట అడుగు బాబూ... మా పిల్ల కోసం ఒక్క మాట... నేను కుర్చీలు ఎత్తిపెడుతున్నాను. ఆ రోజు కుర్చీల చప్పుడు కొంచెం ఎక్కువైంది.

పోనీ వాడి ప్రార్థన గొప్పగా ఉంటుందా అంటే, లేదు. నా ప్రార్థనకి మొదలుంటుంది, మధ్య ఉంటుంది, ముగింపు ఉంటుంది. పాస్టరుగారే మెచ్చుకున్నారు. వాడిది మూడు మాటలు. సామాను ముందు నిలబడి, పట్టీ భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని—

"ప్రభువా, నాకు చేతకాదు."

అంతే. ఆమెన్ కూడా సగం మింగేస్తాడు.

చేతకాదని చెప్పుకోవడానికి దేవుడి దాకా వెళ్ళాలా? ఓనరుకి చెబితే సరిపోతుంది.

పైగా ప్రతి మలుపు దగ్గరా అదే మాట. "దించు బావా." సిగ్గుపడడు. మెట్ల మీద, కిటికీల్లో ఎవరున్నా సరే, గొంతు తగ్గించడు. దించుతాం. వాడు నడుం మీద చేతులేసుకుని ఆయాసపడతాడు. నేను అలిసిపోలేదని చూసేవాళ్ళకి తెలియాలి కదా. ఈల వేస్తాను.

ప్రతి మలుపులో ఈల వేస్తాను.

ఈ మధ్య నా కుడి భుజం ఏదో అవుతోంది.

నొప్పి అయితే పర్లేదు. నొప్పి నాకు పాత చుట్టం. ఇది నొప్పి కాదు. బరువు కాసేపు ఆగకుండా ఉంటే చెయ్యి నాది కాకుండా పోతుంది. వేళ్ళు ఉంటాయి, పట్టు ఉండదు. మొద్దుబారిపోతుంది. బరువు దించాక, కాసేపటికి, చీమలు పాకినట్టు మెల్లగా తిరిగొస్తుంది.

ఎవరికీ చెప్పలేదు.

కింది మనిషి పట్టు తప్పితే ఏమవుతుందో మా పనిలో అందరికీ తెలుసు. బరువు కిందికే వస్తుంది. పక్కకి తప్పుకోవడానికి మెట్ల మీద చోటుండదు. పై మనిషిని కూడా లాక్కునే వస్తుంది. భుజం సంగతి తెలిసిన రోజున నన్ను కింద ఉంచరు. కింద లేకపోతే నేనెవరిని... అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దే పెద్దాయన్ని. కాగితం చుట్టి కప్పులు పెట్టేవాణ్ణి.

ఒక పొద్దున ఎడం చేత్తో తల దువ్వుకుంటుంటే మా ఆవిడ అద్దంలోంచి చూసింది.

"భుజమా?"

"ఏ భుజం?"

"ఉన్నవి రెండేగా. అందులో ఏదో ఒకటి."

 చొక్కా గుండీలు పెట్టుకుందామంటే వేళ్ళు మాట వినడం లేదు. ఆమె వచ్చి పెట్టడం మొదలుపెట్టింది.

"మందిరంలో ప్రార్థన చేయించుకోవచ్చుగా" అంది.

"ఎవరిచేత? మీ తమ్ముడిచేతా?"

ఆమె పై గుండీ దాకా పెట్టుకుంటూ వచ్చింది. తర్వాత కాలరు సర్దుతూ, "మీరు దేవుణ్ణి కూడా మొయ్యాలనే చూస్తారు" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. రోజంతా నాతోనే తిరిగింది.

ఓనరు రెండో వ్యాను కొన్నాడు. దానికొక పెద్ద కావాలి. ఏది ముందు ఎక్కాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే మనిషి. ఆ పని నాకొస్తే కింద నిలబడడం నేనే మానేయొచ్చు. మర్యాదగా. ఎవరికీ కారణం చెప్పకుండా. దూలం పేరు దూలంగానే ఉంటుంది, భుజం సంగతి చొక్కా లోపలే ఉంటుంది.

దానికోసం ఉపవాసం ఉన్నాను. శుక్రవారాలు చాలవని బుధవారాలు కూడా ఉన్నాను. దేవుడికి అన్నీ విడమర్చి చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నానో చెప్పాను. కుర్చీల సంగతి కూడా గుర్తు చేశాను. భుజం గురించి ఆయనకొక్కడికే చెప్పాను.

ఓనరు గోడౌన్‌లో అందరినీ నిలబెట్టి పుల్ల పేరు చెప్పాడు.

వాడు అప్పుడు అట్టపెట్టెల మీద వాలి నిద్రపోతున్నాడు. లేపి చెప్పాల్సొచ్చింది.

దేవుడు అడగనివాడికి ఇచ్చాడు. అడిగినవాడి కళ్ళ ముందే ఇచ్చాడు. నిద్రపోతున్నవాడి ఒళ్ళో తెచ్చి పెట్టాడు.

నేను చప్పట్లు కొట్టాను. అందరూ ఆపాక కూడా కొట్టాను. కుడి చెయ్యి తిమ్మిరెక్కేదాకా కొట్టాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇంటికి బయల్దేరుతుంటే గోడౌన్ గుమ్మం దగ్గర వాడు నా పక్కకొచ్చాడు.

"బావా, రేపు పియానో ఉంది. సంగీతం టీచరుగారిది. మూడో అంతస్తు."

"తెలుసు."

"కింద నేనుంటా."

అప్పుడు అన్నాను. కడుపులో ఉన్నదంతా అన్నాను.

"పెద్దరికం వచ్చి పూట కాలేదు, అప్పుడే నన్ను నా చోటు నుంచి లేపుతున్నావా? కింద నేను తప్ప ఇంకెవరూ ఉండరు. ఇంకోటి కూడా విను. మలుపు మలుపుకీ దించు, దించు అని నా పరువు తీయకు. నువ్విప్పుడు వ్యానుకి పెద్దవాడివి. రేపు ఆ మాట నీ నోట వచ్చిందంటే నీకూ నాకూ ఇక మాటల్లేవు."

వాడు నేల చూశాడు. బూటుతో ఒక తాడు ముక్కని అటూ ఇటూ తోశాడు.

"సరే బావా" అన్నాడు.

పియానో నల్లగా, నున్నగా, మొండిగా ఉంది. మెట్లు పాతవి. ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు. పైన తన గుమ్మంలో టీచరుగారు నిలబడి ఉన్నారు, నెరిసిన జుట్టు, చేతిలో తాళంచెవి. కింద డ్రైవరు వ్యానులో కూర్చుని రేడియో పెట్టుకున్నాడు.

పుల్ల కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, నాకు చేతకాదు."

నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు నా ప్రార్థన కూడా చిన్నదే. ప్రభువా, వాడి మోకాళ్ళు వణకనీ. ఒక్కసారి. నీ కృప వాడిని ఎంతదాకా మోస్తుందో నన్ను చూడనీ.

ఇలాంటిదానికి ఆమెన్ పెట్టకూడదని తెలుసు. పెట్టాను.

లేపాం.

"మెట్టు... మెట్టు..."

అడుగు పడినప్పుడల్లా పియానో లోపల తీగలు సన్నగా మూలుగుతున్నాయి. చెంపకి పాత వార్నీషు. పట్టీ చొక్కాలోంచి చర్మంలోకి దిగుతోంది.

మొదటి మలుపు వచ్చింది.

నా ఒళ్ళు నన్ను అడక్కుండానే సిద్ధమైంది. మోకాళ్ళు కొంచెం వంగాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. వీపు ముందే వదులైపోయింది. అన్నీ కలిసి ఆ మాట కోసం ఎదురుచూశాయి.

"మెట్టు" అన్నాడు వాడు.

తిరిగాం. ఎక్కాం.

"మెట్టు... మెట్టు..."

రెండో మలుపు. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకున్నాను. వాడి ఆయాసం వినపడుతోంది. వాడి పళ్ళు కరుచుకున్న చప్పుడు కూడా వినపడినట్టే ఉంది. మాట మాత్రం రాలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు వెధవ.

భుజం మొద్దుబారడం మొదలైంది.

అప్పుడు తెలిసింది నాకు. చీకట్లో గోడకి తల కొట్టుకున్నప్పుడు గోడ ఉందని తెలిసినట్టు.

ఇన్నాళ్ళూ ప్రతి మలుపులో ఈల వేశాను కదా. ఆ ఈలకి ఊపిరి ఎక్కడిది? వాడు దించమంటే వచ్చిన ఊపిరి. నా చెయ్యి తిరిగొచ్చింది ఎప్పుడు? వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డప్పుడు. నేను అనని మాట నా బదులు ఒకడు అంటూ వచ్చాడు. అననందుకు నాకు పేరొచ్చింది. నా బలం, నా బలం అని నేను తిరిగిందంతా వాడి చేతకానితనం మీద నిలబడి ఉంది.

దాని నోరు నేనే మూయించాను.

కృతజ్ఞత కలిగిందా అంటే, లేదు. అసూయే కలిగింది. మునుపెన్నడూ లేనంత కలిగింది. వాన వాడిది, కుక్క వాడిది, కుర్చీ వాడిది, వ్యాను వాడిది. ఇప్పుడు చూస్తే నా బలం కూడా వాడిదే.

"మెట్టు..."

కాలు లేచింది. చెయ్యి లేదు.

వేళ్ళు పియానో అడుగున ఉన్నాయని తెలుసు. ఉన్నట్టు లేదు. రెండు మలుపుల మధ్య, ముందుకీ వెనక్కీ కాని మెట్టు మీద, బరువు ఒక అంగుళం నా మీదికి జారింది. నా వెనక ఖాళీ. నా కాళ్ళ కింద ఏముందో నాకు కనపడదు.

"బావా?"

దించు అనాలి. చిన్న మాట. ప్రపంచంలో అందరూ అంటారు. నాలుక పైకి లేచి, పళ్ళని తాకి, అక్కడే ఆగిపోయింది.

ప్రార్థన మొదలుపెట్టాను. పరిశుద్ధుడవైన తండ్రీ అని అలవాటుగా మొదలుపెట్టాను. మధ్య భాగం గుర్తు రాలేదు. ముగింపు గుర్తు రాలేదు. నా శుక్రవారాలు, నా బుధవారాలు, నేను మోసిన కుర్చీలు... ఒక్కటీ ఆ మెట్టు మీదికి రాలేదు. వచ్చినవి మూడు మాటలు. అవి నావి కూడా కావు.

"ప్రభువా... నాకు చేతకాదు."

పైకే అన్నాను. చెక్కలోకి అన్నాను.

పట్టీ బిగుసుకుంది. పై నుంచి, ఆ పుల్లచేతుల నుంచి, ఎక్కడిదో ఒక పట్టు.

"మెట్టు అంచుకి ఆనించు బావా. మెల్లగా. నేను పట్టుకున్నా."

ఆనించాను. ఎడం భుజం అడ్డం పెట్టాను. పియానో లోపల అన్ని తీగలూ ఒక్కసారి మోగి ఊరుకున్నాయి.

నిలబడ్డాం. మధ్యలో పియానో. వాడి మొహం నాకు కనపడదు, నా మొహం వాడికి కనపడదు. అదే నయమైంది.

"ఇన్నాళ్ళూ నా కోసమేనా?" అన్నాను. "దించమన్నది?"

పై నుంచి వాడి ఊపిరి వినపడింది.

"నాకు చేతకాకే అన్నా బావా" అన్నాడు. కొంచెం ఆగాడు. "నీ ఊపిరి కూడా వినపడేది."

అందులో ఏది ఎంతో వాడికీ తెలిసినట్టు లేదు.

"నిన్ను చూస్తే కుళ్ళుగా ఉండేది" అన్నాడు మళ్ళీ. "ఒక్కసారైనా ఎవర్నీ అడక్కుండా పైదాకా పోవాలని ఉండేది. నీలాగా."

నన్ను చూసి కుళ్ళుకున్నవాడు ఒకడున్నాడని తెలిస్తే ఇంకో రోజైతే పండగ చేసుకునేవాణ్ణి. ఆ మెట్టు మీద దానికి కూడా ఊపిరి లేదు.

పైన చెప్పుల చప్పుడైంది. టీచరుగారు.

"ఏమైంది? ఆగిపోయారేం?"

"ఏం లేదమ్మా" అన్నాడు పుల్ల. "నాకు ఆయాసం వచ్చింది. నేనే దించమన్నా."

మళ్ళీ.

మళ్ళీ వాడే. ఆమె ఇప్పుడు వాడికి కుర్చీ వేస్తుంది. మంచినీళ్ళు ఇస్తుంది. అలిసిపోయావు నాయనా అంటుంది. ఆకాశం నుంచి ఇంకో మేలు వాడి నెత్తిన దిగుతుంది. నేను చేతకాక నిలబడితే, ఆ చేతకానితనం కూడా వాడి సొంతమైపోతోంది. అసూయ భగ్గుమంది. భుజంలో లేని ప్రాణమంతా అక్కడికే వచ్చింది.

అన్నీ తీసుకోనీ. ఇదొక్కటి నాది.

"వాడికి కాదమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. "నాకు. నాకు చేతకాలేదు. దించింది నేను."

ఆ మాట మెట్లెక్కి పైకి పోయింది. మెట్లు దిగి కిందికి పోయింది. కింద రేడియో ఆగింది.

డ్రైవరు విన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి గోడౌన్ అంతా తెలిసిపోతుంది. ఇకనుంచి కొత్తవాళ్ళకి చూపించడానికి ఓనరు ఇంకెవరినైనా వెతుక్కోవాలి.

 టీచరుగారు ఒక మెట్టు దిగినట్టున్నారు, గొంతు దగ్గరగా వినపడింది.

"తొందరేం లేదు నాయనా. నిమ్మళంగా రండి."

నాయనా అన్నది నన్నే. ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. రెండు చేతులూ ఖాళీగా లేవు.

"బావా, డ్రైవర్ని పిలవనా? నీ వెనక నిలబడతాడు."

"పిలువు."

పిలిచాడు. వ్యాను తలుపు చప్పుడైంది. కింద ఎక్కడో అడుగులు మొదలయ్యాయి. వాడొచ్చి నా వీపుకి ఆసరా ఇస్తాడో, నా భుజం మీది పట్టీ తన భుజానికి మార్చుకుంటాడో, చెప్పాల్సింది పుల్ల. చెప్పినట్టు చేస్తాను. రేపు కింద ఎవరో కూడా వాడే చెప్పాలి.

అసూయ పోలేదు. ఆ సన్నటి చేతులతో అంత బరువు ఎలా ఆపాడా అని దాన్నే తలుచుకుంటున్నాను. ఆపింది వాడా, ఇంకెవరైనానా... ఇంకెవరైనా అయితే, ఆ పట్టీకి ఇవతలి చివర నేనూ ఉన్నాను కదా.

వేళ్ళల్లోకి ఇంకా ఏమీ తిరిగి రాలేదు.

చెంప చెక్కకి ఆనించాను. చల్లగా ఉంది. మెట్లు కనపడలేదు. గోడ కనపడలేదు. పై నుంచి వాడు ఏమంటాడో అని వింటూ నిలబడ్డాను.